బాత్రూంలో దండెం

"ఆ నల్ల గోడ సూత్తే స్నానం సెయ్యబుద్దవదు. రోజంతా ఇంటికాడుండి ఏటి సేత్తన్నావే?" తల తుడుచుకుంటూ అనేసి, ఆదివారం కదా, టీవీ ముందు చతికిలబడ్డాడు గంగాధరరావు. ఏం చేస్తోందట! పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ గౌరీశ్వరి ఆ గోడే తోముతోంది. ఆయన స్టీలు ప్లాంటులో చేస్తే డ్యూటీ, తను ఇంట్లో చేస్తే ఖాళీగా ఉన్నట్టు.

ముక్కుకి పాత చున్నీ కట్టుకుంది. వెంటిలేటర్ తెరిచి, బ్లీచింగ్ పౌడర్ నీళ్ళతో గోడ తడిపింది. పొడి మీద గీకితే ఆ బూజంతా లేచి గుండెల్లోకే పోతుంది. "కొంచెం యాసిడ్ కూడా పొయ్యే, గమ్మున పోద్ది," అంది గుమ్మంలోంచి అత్త వరహాలమ్మ. గౌరీశ్వరి పొయ్యలేదు. కిందటేడు ఆవిడ మాట విని రెండూ కలిపితే కళ్ళు మండిపోయి, ఊపిరాడక మెట్ల మీద కూలబడింది. "నీకు మొదట్నుంచీ తెలివి తక్కువే," అన్నాడు మొగుడు. మంచినీళ్ళు కూడా పక్కింటావిడే ఇచ్చింది.

ఎంత తోమితే ఏం లాభం? నెల తిరక్కుండా గోడ మళ్ళీ నల్లబడుతుంది. ఎందుకు నల్లబడదూ! తలుపు వెనక కట్టిన దండెం మీద తన లంగాలు, లోపలి బట్టలు, నెలసరి గుడ్డలు, కిందటేడు పెద్దమనిషైన కూతురు నీలిమవీ, ఎవరి కంటా పడకుండా పైన ఓ తువ్వాలు కప్పుకుని, ఎప్పుడూ తడితడిగా వేలాడుతుంటాయి. మేడ మీద మాత్రం ఎండలో, సముద్రపు గాలికి ఆయన బనియన్లూ డ్రాయర్లూ రెపరెపలాడుతుంటాయి. వాటిని చూసి సీతమ్మధారలో ఇంతవరకూ ఎవరూ మూర్ఛపోలేదు.

మొన్న నీలిమ తొడలు ఒరుసుకుపోయి, నడవలేక, చెప్పలేక ఏడ్చింది. "బట్టలెక్కడ ఆరేస్తున్నారమ్మా? ఎండ తగలకపోతే ఈ తామర తగ్గదు," అంది డాక్టరమ్మ. ఆ మాట చెప్పి, మేడ మీద ఆరేస్తానని అడిగితే గంగాధరరావు టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఆడోళ్ళ గుడ్డలు మేడ మీదేటి? ఎదురింట్లో కుర్రోళ్ళున్నారు. మందు రాత్తే సాల్లే." మందు రాసి, మళ్ళీ ఆ తడి గుడ్డే కట్టించాలి పిల్లకి. ఛీ! అడిగినందుకు తనని తనే తిట్టుకుంది.

గోడ కడిగి, పొడిగుడ్డతో ఒత్తి తుడిచింది. చేతులు మండుతున్నాయి. దండెం ముడి విప్పబోతే రాలేదు; కత్తిపీట తెచ్చి కోసేసింది. బట్టలన్నీ బకెట్లో వేసుకుని మేడెక్కింది. బనియన్లని ఓ మూలకి జరిపి, మంచి ఎండ పడేచోట ముందు నీలిమవి, తర్వాత తనవి ఆరేసింది. తువ్వాలు కప్పలేదు.

"సిగ్గు నేదేటే? మగోడి పరువు తీసేత్తావా?" మెట్ల మీంచి అరుస్తూనే ఉంది వరహాలమ్మ. ఆ అరుపులకి గంగాధరరావు వీధిలోకొచ్చి పైకి చూశాడు.

"ఒసే! అయ్యేటి? రోడ్డు మీదకి కనబడతన్నాయ్. తీసియ్ ముందు!"

గౌరీశ్వరి ఆఖరి క్లిప్పు పెట్టి పిట్టగోడ దగ్గరికి వచ్చింది. ఎదురింటి వాళ్ళకి కూడా వినబడేట్టే చెప్పింది.

"తీత్తానండి. ఆరేక."