ఉషాబెన్ లాగిన్

సూరత్ శివార్లలో, సచిన్ ఊరికి వెళ్లే దారిలో ఉన్న ఆ జౌళి కాలేజీలో లైబ్రేరియన్ ఉషాదేవిని అడిగి లేదనిపించుకున్నవాళ్లు లేరు. సిరిసిల్ల ఆడపిల్ల, కానీ సూరత్‌లో పదేళ్లుంటే ఏ ఆడమనిషైనా గుజరాతీవాళ్ల నోట బెన్, అంటే అక్క, అయిపోవాల్సిందే. కాలేజీ ఏటా చందా కట్టే డేటాబేస్‌లో వేల జర్నళ్ల వ్యాసాలు పూర్తిగా చదువుకోవచ్చు. అందరికీ విడివిడిగా ఐడీలు, పాస్‌వర్డ్‌లు ఇచ్చారు. వాటిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? "ఉషాబెన్, ఈ పేపర్ కావాలి" అని వాట్సాప్‌లో ఒక ముక్క పెడితే, టీ చల్లారేలోపు ఫోన్లో వచ్చి పడేది. ఆమె తన ఐడీతో తెరిచి, దించి పంపేది. అడిగినవాళ్లకు ఇవ్వకపోతే ఆమెకు ముద్ద దిగదు.

ఈసారి చందా పొడిగించే ముందు కంపెనీవాళ్లు వాడకం లెక్క పంపారు. ఏడాది మొత్తంలో డేటాబేస్ తెరిచిన ఐడీ ఒకే ఒక్కటి.

"ఒక్క మనిషి చదవడానికి ఇంత డేటాబేస్ ఎందుకు? వచ్చే నెల కమిటీలో ఆపేద్దాం" అన్నారు ప్రిన్సిపాల్, నవ్వుతూనే.

ఆ ఒక్కరి వెనక నూట యాభై మంది ఉన్నారని ఉషాదేవి మొత్తుకుంది. ఆయన కాగితం ముందుకు తోసి, "ఇందులో లేరే" అన్నారు.

చేసిన మంచికి ఇదా ఫలితం అని ఆ పూటంతా ఉడికిపోయింది. తప్పు తనదేనని మాత్రం ఆమెకు తెలుసు. మర్నాడు అందరికీ ఒకే మెసేజ్ పెట్టింది: ఇక నేను పంపను, మీ ఐడీతో మీరే తెరుచుకోండి, రాకపోతే వచ్చి నా పక్కన కూర్చోండి.

వారం రోజులు లైబ్రరీ చేపల సంతే. పాస్‌వర్డ్ మరిచినవాళ్లు కొందరు, అసలు ఐడీ ఉందనే తెలియనివాళ్లు కొందరు. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. అయినా మౌస్ ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెప్పేది.

అద్దకం శాఖ పెద్ద నరహరి సార్ ఒక్కరే రాలేదు. ఆయనది కరీంనగర్. ఆరేళ్లుగా అందరికంటే ఎక్కువ పేపర్లు తెప్పించుకున్నది ఆయనే, కమిటీలో మాట చెల్లేదీ ఆయనదే. ఫోన్ చేశారు.

"ఏంది ఉషమ్మా, మనోళ్లమై ఉండి గిట్ల జేస్తవా? జర ఒక్కటి పంపు."

"పంపలేను సార్. మీరొస్తే నేర్పుత."

"ఈ వయసుల నాకు నేర్పుతవా!" ఠక్కున ఫోన్ పెట్టేశారు.

ఆమె చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది కూడా. పెద్దాయనను నొప్పించానని కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఒక్కరికి పంపితే రేపు మళ్లీ అందరూ అడుగుతారు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

కమిటీ రోజున కొత్త లెక్క బల్ల మీదికి వచ్చింది. నూట పన్నెండు ఐడీలు. "నెల రోజుల హడావిడి కావచ్చు" అని ప్రిన్సిపాల్ నరహరి సార్ వైపు తిరిగారు. ఇక అంతేననుకుంది ఉషాదేవి.

ఆయన లేచి నిలబడి హిందీలో చెప్పారు. "ఈమె పంపనన్నాక రెండు రోజులు తిట్టుకున్నాను. మూడో రోజు మొండిగా నేనే కూర్చున్నాను. కావలసిన పేపర్ దొరికింది. దాని కిందే, తక్కువ నీళ్లతో రంగు పట్టించడం మీద ఇంకో నాలుగు కనిపించాయి. రెండేళ్లుగా నేను తల బద్దలు కొట్టుకుంటున్న పనే అది. ఎవరో ఎప్పుడో చేసి రాసిపెట్టారు. అవి ఉన్నాయనే తెలియనప్పుడు ఉషాబెన్‌ను ఎలా అడుగుతాను? దీన్ని ఆపితే నేను ఒప్పుకోను."

చందా పొడిగించారు. ఉషాదేవికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. లోపల ఒక ముల్లు కూడా గుచ్చుకుంది. ఆరేళ్లు అడిగిందల్లా ఇచ్చాననుకుంది. ఉన్నాయని తెలియక వాళ్లు అడగనివన్నీ ఆమె అడ్డు నిలబడ్డందుకే వాళ్లకు కనపడలేదు.

బయటికొచ్చాక నరహరి సార్ గొంతు తగ్గించి, "తిట్టిన మాట నిజమే ఉషమ్మా" అన్నారు.

"ఎంతన్న తిట్టుండ్రి సార్. పేపర్ మాత్రం మీరే తీసుకోండ్రి" అంది ఆమె, నవ్వు ఆపుకోకుండా.