నాలుగు గంటల ఊపిరి

మొగుడు ధనరాజు గొంతు గొట్టంలోంచి కఫం తీస్తున్నా, దుర్గ చెవులు ఊపిరి యంత్రం మీదే ఉన్నాయి. "ఇంకా అవలేదేటే?" అని వరండాలోంచి అత్త తాతమ్మ. అవడమంటూ ఉంటే కదా.

భోగాపురం దగ్గర కెరటం పడవను తిరగేసి అతని మెడ విరిచి మూడేళ్లు. రెండు గంటలకోసారి కఫం తీయాలి, ఒళ్లు తిప్పాలి, కరెంటు పోతే చేత్తో గాలి సంచి నొక్కాలి. చూడవచ్చిన వాళ్లతో తాతమ్మ, నా కొడుకుని ఆ మిషనే బతికిస్తందని చెప్పేది. మరిది లక్ష్ముడు గుమ్మం దాటడు. గొట్టాలు చూస్తే కళ్లు తిరుగుతాయట. పొద్దస్తమానం చేపల పేగులు తీసేవాడికి!

విశాఖ డాక్టర్లు అతని ఊపిరితిత్తుల కింద గాలి లాగే కండరానికి సన్నటి తీగలు కుట్టి, బయట ఒక చిన్న పెట్టె తగిలించారు. అది నరాన్ని తట్టి లేపితే కండరం తానే గాలి లాగుతుంది. మొదట పది నిమిషాలు. ఆస్పత్రిలోనే నెలలు గడిచేసరికి యంత్రం లేకుండా నాలుగు గంటలు. ఆ రోజు గొట్టానికి మాట వచ్చే మూత కూడా పెట్టారు. మూడేళ్లుగా పెదాల కదలిక చదువుతున్న దుర్గ, అతని నోటి దగ్గరికి వంగింది.

"పులుసులో సింతపండు ఎక్కువేత్తన్నావు," అన్నాడు ధనరాజు బొంగురుగా. "ఎప్పట్నించో సెప్దామనుకుంటన్నాను."

కొడుకు మాట్లాడాడని తాతమ్మ ఏడ్చింది. దుర్గకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. మూడేళ్లూ అతను తన గురించి ఏమనుకుంటున్నాడోనని ఎన్ని ఊహించుకుంది! అతను పులుసు గురించి అనుకుంటున్నాడు.

ఇంటికి పంపేముందు పెట్టె వాడకం ఇద్దరు నేర్చుకోవాలంది నర్సు. అందరూ దుర్గ వైపే చూశారు. లక్ష్ముడు అప్పుడే తలుపు దగ్గరికి జరిగాడు.

"నాకు వచ్చేసింది సిస్టర్. రెండో పేరు లక్ష్ముడిది రాయండి."

"నాకు కళ్లు తిరుగుతాయి వదినా."

"కూకొని నేర్సుకో."

నర్సు అతని పేరు రాసుకుంది. లక్ష్ముడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మరి ఆడు సూసుకుంటంటే, నువ్వెక్కడికెళ్తావు?" అన్నాడు ధనరాజు. గొంతులో నిజంగానే భయం.

దుర్గ ఆలోచించింది. ఏ ఊరూ, ఏ పనీ తట్టలేదు. ఆ ప్రశ్న తననెవరూ అడిగి ఎరగరు మరి.

"ముందు బయటికెళ్తాను మావా," అంది. "ఎక్కడికన్నది ఆ తరవాత సూసుకుంటాను."