రెండో బోయా

గాలీ వానా పెరగగానే మిగతా పడవలన్నీ తెరచాపలు దించుకుని క్లబ్బుకి వెళ్లిపోయాయి. పందెంలో మిగిలింది మేమిద్దరమే. ఎప్పుడూ ఆఖరున వచ్చే మాకు ఈసారి ముగింపు గీత దాటితే చాలు, కప్పు మాదే.

చుక్కాని మా ఆయన చేతిలో ఉంది, తెరచాప తాడు నా చేతిలో. తాడు లాగి లాగి అరచేతులు ఒరుసుకుపోయాయి. పడవలోకొచ్చిన నీళ్లు తోడలేక నా నడుము పడిపోయింది. తీరా గీత కనబడ్డాక ఆయన నోరు విప్పారు.

"ఇందాక రెండో బోయాని ఎడమ పక్కన ఉంచుకుని తిరగాలి. మనం కుడి పక్కన ఉంచుకుని తిరిగాం."

దారి గుర్తుగా నీళ్లలో తేలే ఆ బోయా చుట్టూ అలా తప్పు తిరిగితే వెనక్కి వెళ్లి, సరిగ్గా తిరిగి రావాలి. లేకపోతే పందెం చెల్లదు.

"ఈ వానలో ఎవడు చూశాడండీ?"

"నువ్వు చూశావు."

"నేనా? నీళ్లు తోడుకుంటూ చచ్చాను. చూసే తీరికెక్కడిది?"

"చూశావు. అక్కణ్ణుంచి నన్ను ఒక్క మాట కూడా అనలేదు."

ఆయన పడవని వెనక్కి తిప్పారు. నేను తాడు మళ్లీ బిగించి పట్టుకున్నాను.

ఇన్నేళ్ల కాపురంలో నేను నోరు మూసుకున్నది ఆ కాసేపే. అదే కొంప ముంచింది.