పీఠమెక్కని జనరల్

జనరల్ విగ్రహానికి కడుతున్న పీఠం మీదికి రాయి ఎత్తుతుంటే తాడు తెగింది. రాయి నబోర్ మీద పడింది. రొట్టెల బుట్టతో అప్పుడే చౌకులోకి వచ్చిన ఎవుఫ్రోసినా కళ్ళారా చూసింది. నబోర్ ఆమె తమ్ముడు. బుట్ట పారేసి పరుగెత్తింది. రాయి తీసేసరికే ప్రాణం పోయింది.

"గోనెపట్టా కప్పి వెనక వీధిలోంచి తీసుకుపొండి!" కాంట్రాక్టర్ డాన్ ఎవరిస్తో గొడుగు నీడలోంచే అరిచాడు. "రేపు విగ్రహం నిలబెట్టడానికి గవర్నరుగారొస్తున్నారు. ఆ నెత్తురు కడిగెయ్యండి."

"తాళ్ళు కుళ్ళాయి, మార్చమని మొత్తుకున్నాం కదయ్యా!" అన్నాడు ముసలి మేస్త్రీ ప్లాసిదో.

"తాగొచ్చి పనిచేస్తే తాళ్ళేం చేస్తాయిరా?"

నబోర్ తాగడని అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ మౌనానికే ఎవుఫ్రోసినాకి ఎక్కువ మండింది.

సాయంత్రం రాతిపనివాళ్ళ పాకలోకి పిలవకుండానే వెళ్ళింది. లోపల వాదన ముదిరింది.

"జనరల్ మనవాడక్కా! పరాయి సైన్యాన్ని తరిమినవాడు. ఆయన పండగ చెడగొడతామా?" అన్నాడు కుర్ర రాతిపనివాడు ఇలారియో.

"మా తాత ఆయన సైన్యంలోనే చచ్చాడు. చెప్పుల్లేని కాళ్ళతో నడిచి చచ్చాడు. మా తాత పేరు ఏ రాతి మీదుంది? చెక్కేది మీరేగా, చెప్పండి!"

ఇలారియో చేతిలోని ఉలి కింద పెట్టాడు.

"జనరల్ మీద నాకేం పగ లేదురా. ఆ తాళ్ళతోనే ఆయన్ని ఎత్తితే రేపు మీలో ఇంకొకడు చస్తాడు. కొత్త తాళ్ళు తేవాలి. నా తమ్ముడు ఎందుకు చచ్చాడో ఆ ఎవరిస్తో జనం ముందు ఒప్పుకోవాలి. అందాకా ఎవడూ చెయ్యి వెయ్యొద్దు."

"వెయ్యం," అన్నాడు ప్లాసిదో. ఒక్కొక్క గొంతే కలిసింది.

తెల్లవారి ఖాళీ పీఠం ముందు నబోర్ శవపేటిక దించి, చుట్టూ కూర్చున్నారు. కంచు జనరల్ బండి మీద, గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాడు. కెప్టెన్ సిపాయిల్ని వెంటేసుకొచ్చాడు.

"లేవండి! ఎవడ్రా ఇక్కడ పెద్ద?"

ప్లాసిదో లేవబోయాడు. ఎవుఫ్రోసినా అతని భుజం నొక్కి తనే లేచింది.

"నేను."

ఆమె చేతులకు బేడీలు పడ్డాయి. అంతలో ఇలారియో లేచి చేతులు చాచాడు. "నేనూ పెద్దనే. వెయ్యి!"

"నాకూ వెయ్యి!" "నాకూ!"

బజారు ఆడవాళ్ళు అంగళ్ళు వదిలేసి వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డారు. కెప్టెన్ తన సిపాయిల వైపు చూశాడు. వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు.

"పద కెప్టెన్, జైలుకి," అంది ఎవుఫ్రోసినా. "మేమంతా పట్టేలా గోడలు కట్టాలన్నా మళ్ళీ మా చేతులే కావాలి."

శవపేటిక భుజాలకెత్తుకుని జనం కదిలారు. వీధి చివర గవర్నరుగారి బ్యాండు మోగింది. విగ్రహం ఎత్తమని డాన్ ఎవరిస్తో గొంతు చించుకుంటున్నాడు. చౌకులో వినేవాడు లేడు.