బురద రాజ్యంల బాపు చెవులు

శుక్రవారం నాగావ్‌ల బట్ట నేసే సాంచెలు బంద్. ఆ ఒక్కరోజే మా గల్లీల మనిషి మాట మనిషికి వినపడుతది. అందుకే నా ఫైనల్ ఆటను శుక్రవారం మధ్యాహ్నం పెట్టించుకున్న.

ఆట పేరు 'బురద రాజ్యం'. నేను పుట్టకముందు, తొంభై ఏడుల వచ్చింది. తుపాకులుండవు, ట్యాంకులుండవు, అంతా కప్పల దండే. ఈగలు పట్టాలె, బురదతోని కోట కట్టాలె, అవతలోళ్ల మడుగు గుంజుకోవాలె. నీ వంతు, నా వంతు అని ఉండది, ఇద్దరిదీ ఒక్కసారే నడుస్తది. ఇంకా దీన్ని పట్టుకొని ఉన్నోళ్లు దునియా మొత్తంల నలభై మంది. వాళ్లే నెట్‌ల పోటీ పెట్టిండ్రు. కాల్హేర్ గోదాంల పార్సిళ్లకు స్టిక్కర్లు అతికే ఈ నీలిమ ఫైనల్‌కు వచ్చింది! అవతల బ్రెజిల్ పావ్లో సారు. ఆరేండ్ల సంది ఓడిందే లేదట.

ఆట షురువైన పది నిమిషాలల్ల నా తూర్పు మడుగు పోయింది. తెర మీద ఒకసారికి ఒక్క మడుగే కనపడుతది, మిగిలినయి కప్పల కూతలను బట్టి తెలుసుకోవాలె.

చాప మీద ఒరిగిన బాపు కండ్లు తెరవకుండనే అన్నడు: "బిడ్డా, ఏదో ఆగింది."

"బాపూ, గమ్మునుండు."

"ఇందాక మూడు కూతలుండె. సన్న గొంతుది ఆగింది."

సన్న గొంతంటే ఉత్తరం మడుగు కాపలా కప్ప! గబుక్కున అటు తిప్పిన. పావ్లో కప్పలు రెల్లు కింద సొరంగం తవ్వుకుంట వచ్చినయి. బురద పోసి మూతి మూసేసిన.

"ఎట్ల తెలిసింది బాపూ?"

"ముప్పై ఏండ్లు ఎనిమిది సాంచెల నడుమ నిలబడ్డ. ఏది ఆగిందో చెవికి తెల్వదా?"

ఇగ లేచి నా పక్కకొచ్చి కూసున్నడు. "లావు గొంతులు దగ్గరికొస్తున్నయ్! కుడి దిక్కు, కుడి దిక్కు!" నలభై నిమిషాలకు పావ్లో కోట కూలింది. ఇద్దరం ఎంత గట్టిగ అరిచినమంటే పక్కింటి యమునాబాయి గంటె పట్టుకొనే ఉరికొచ్చి, "క్యా హువా?" అన్నది.

నవ్వుతుంటెనే నాకు ఎట్లనో అయింది. పోటీల ఎవరి ఆట వాళ్లే ఆడాలె, పక్కనోళ్ల సాయం ఉండొద్దు. బాపు దిక్కు చూసిన. ఆయనకు అర్థమైంది.

"ఉన్నది ఉన్నట్టు రాయి బిడ్డా."

రాసిన. పావ్లో జవాబు పంపిండు. 'ఈ ఆట లెక్కకు రాదు. మల్ల ఆడుదాం. అయినంక మీ నాయనతో నాకొక ఆట కావాలె.'

మల్ల ఆడినంతసేపు బాపు యమునాబాయి ఇంట్ల చాయ్ తాగుకుంట కూసున్నడు. నేను ఒక్కదాన్నే చెవులు రిక్కించి ఆడిన. రెండు సొరంగాలు విని పట్టిన, మూడోది పట్టలేకపోయిన. ఓడిపోయిన. కని అంత మంచిగ నేనెన్నడు ఆడలే. పావ్లో కూడ అదే రాసిండు.

ఇగ మా బాపు కొమురయ్య వంతు. మౌసును గుప్పిట గట్టిగ పట్టుకున్నడు. ఈగలనుకొని సొంత కప్పలనే నీళ్లల్లకు తోలిండు. ఆరు నిమిషాలకు మడుగులన్నీ పోయినయి. అటు పావ్లో నవ్వు బొమ్మలు పంపుతుండు, ఇటు బాపు వెంట వచ్చిన యమునాబాయి పొట్ట పట్టుకొని నవ్వుతున్నది.

బాపు మాత్రం తెర మీదికెళ్లి కండ్లు తిప్పలే.

"ఆయనను పోనియ్యకు. ఇంకోటి పెట్టుమను, జల్ది!"