విశ్వపతి గారి చెయ్యి ఆగిన చోటు

నేనొక టేపును. అన్నం పళ్ళెమంత చక్రానికి చుట్టుకున్న గోధుమరంగు రిబ్బనును. ఫ్యాక్టరీలో పుట్టాను, రేడియో స్టేషనులో పెరిగాను. ఏ స్టేషనో చెప్పను. అక్కడివాళ్ళు కొందరు ఇంకా పింఛను తీసుకుంటున్నారు, వాళ్ళ పరువు తియ్యడం నాకెందుకు? ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. అక్కడ అడుగుపెట్టిన దగ్గర్నుంచీ భయపడుతూనే బతికాను.

మా టేపుల గదిలో ఓ మూల బల్లమీద ఇరేజరు ఉండేది. కొత్త టేపులు దొరక్క పాతవాటినే తుడిచి మళ్ళీ వాడేవాళ్ళు. దానిమీద పెట్టి స్విచ్చి వేస్తే గుయ్‌మని మోగేది. టేపు అలాగే ఉండేది, అందులోని గొంతు పోయేది. నేనూ ఓసారి దానిమీద కూర్చుని లేచినదాన్నేనట. అంతకుముందు నాలో ఎవరో వరికి పట్టే తెగుళ్ళ గురించి మాట్లాడేవారని, గది చూసుకునే సలోమి గారు అంటే విన్నాను. నాకు ఒక్క పురుగు కూడా గుర్తులేదు. అందుకే ఆ గుయ్ వినపడితే చాలు, చుట్టలు చుట్టలుగా బిగుసుకుపోయేదాన్ని.

అలాంటి నాలోకి విశ్వపతి గారి కచేరీ వచ్చింది. ఆయన మా వాద్యబృందానికి కండక్టరు, ఊరూరా పేరున్న మనిషి. వయొలిన్లు, వేణువులు, వీణలు, మృదంగాలు అన్నీ ఆయన చేతి సైగ మీద నడిచేవి. ఎదురుగా స్వరాల కాగితం పెట్టుకునేవారు కాదు. కాగితం చూసి నడిపేవాడు గుమాస్తా అనేవారు. మనుషుల్ని తిట్టడంలో కూడా ఆయనకు తాళం తప్పేది కాదు. జనం ముందు కచేరీ జరిగింది, నేను రికార్డు చేసుకున్నాను, ఆదివారం ప్రసారమని అనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన టేపుల గదిలోకి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది.

"సలోమమ్మా, నిన్నటి టేపు తుడిచెయ్యాలి."

"అయ్యో, అదేంటి మాస్టారూ! స్టేషను డైరెక్టరు గారు దాచమన్నారండీ."

"ముందు వినిపించు. వింటే నువ్వే తుడిచేస్తావు."

ఆమె నన్ను మిషనుకెక్కించింది. నేను తిరుగుతుంటే ఆయన కుర్చీ అంచున కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. ఆరభి రాగంలోంచి మోహనలోకి తిరిగే మలుపు వచ్చేసరికి చెయ్యెత్తారు.

"ఇదిగో, ఇక్కడే! నా చెయ్యి ఆగిపోయింది. తర్వాతేంటో తట్టలేదు. ఒళ్ళంతా చల్లబడిపోయింది."

నేను ఆగలేదు. వయొలిన్లు మలుపు తిరిగాయి, వేణువులు అందుకున్నాయి, మృదంగం ఎక్కడా తడబడలేదు. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ అంతే.

"నాకు మళ్ళీ తట్టేసరికి మలుపు సగం దాటిపోయింది. మరి వీళ్ళు ఎవర్ని చూసి వాయించారు?"

సలోమి గారు కొంగు సర్దుకుంది. "ఎవర్నీ చూడలేదండీ. మీరు కోప్పడతారని ఎవరూ తలెత్తరు. కాగితాల్లోకి చూసుకుంటా వాయించేస్తారు. మీ కళ్ళల్లోకి చూస్తే వేళ్ళు వణుకుతాయని, ఫస్టు వయొలిన్ పేరయ్య గారే అన్నారు నాతోటి."

"ఎప్పట్నుంచి?"

"నేను ఉద్యోగంలో చేరకముందు నుంచేనండీ."

మనిషి అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. తప్పు బయటపడుతుందని భయపడి వచ్చిన పెద్దమనిషి, ఇప్పుడు తన రెండు చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నారు. కాసేపటికి నన్ను తీసి ఇరేజరు దగ్గరికి నడిచారు. నా పని అయిపోయిందనుకున్నాను. స్విచ్చి మీద వేలు పెట్టి ఆగారు.

"ఇది తుడిస్తే పేరయ్య వాయించింది కూడా పోతుంది కదూ?"

"పోతుందండీ."

నన్ను బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత సంగతులు పేరయ్య గారు సలోమి గారికి చెబుతుంటే విన్నవి. మాస్టారు రిహార్సల్లో తిట్టడం మానేశారట. "కాగితాల మీంచి కళ్ళెత్తండర్రా, నన్ను చూడండి" అని బతిమాలారట. మొదట ఎవరూ నమ్మలేదు. ఇదేదో కొత్తరకం కోపమనుకుని ఇంకా వంగిపోయారు. మెల్లగా ఒక్కొక్కరే తలెత్తారు.

మరుసటి కచేరీ ఇంకో టేపు మీదికి ఎక్కింది. దాన్ని వినడానికి మాస్టారు వచ్చినప్పుడు నేను అరలోనే ఉన్నాను. అదే పాట, అదే మలుపు. ఉన్నట్టుండి వాయిద్యాలన్నీ టక్కున ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మాస్టారి గొంతు వినిపించింది: "మర్చిపోయాను. పేరయ్యా, ఎక్కణ్ణుంచి?" పేరయ్య గారి వయొలిన్ చిన్నగా దారి చూపింది. అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. అబ్బ, ఏం వాయించారు! అసూయతో చెబుతున్నాను, నాలో అలాంటిది లేదు.

మాస్టారు నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. "ఇది దాచు సలోమమ్మా. ఇందులో నేనున్నాను. ఆ పాతదాన్ని ఏ పంటల కార్యక్రమానికో వాడుకోండి."

ఆ పాతదాన్ని నేనే.

ఆ నెలలోనే ఆయన పోయారు. ఇక నా వంతేనని రోజూ వణికాను. డైరెక్టరు గారు రెండు టేపులూ విని మొహం చిట్లించారు.

"ఇదేంటమ్మా, అంతటి మహానుభావుడు మర్చిపోయానంటుంటే ప్రసారం చేస్తామా? పరువు పోదూ! అది తుడిపించి, ఇది దాచు."

"ఆయనే దాన్ని దాచమన్నారండీ."

"ఆయన చాదస్తం ఆయనది. మన బాధ్యత మనది."

సలోమి గారు చెయ్యనంది. డైరెక్టరు గారే స్విచ్చి వేశారు. గుయ్‌మన్న ఆ మోత అరలోంచి విన్నాను. నన్ను కాదుకదా అని ప్రాణం లేచొచ్చింది.

ఏటా ఆయన వర్ధంతికి నన్నే ప్రసారం చేస్తారు. ఆ మలుపు దగ్గర మాస్టారి చెయ్యి చేసే అద్భుతం వినమని అనౌన్సరు ముందే చెబుతాడు. సలోమి గారు, ముసలి పేరయ్య గారు టేపుల గదిలో స్పీకరు ముందు కూర్చుంటారు. మలుపు రాగానే ఆమె చెయ్యి చాచి స్పీకరు గొంతు పూర్తిగా తగ్గించేస్తుంది. ఊరంతా నన్ను వింటుంటే ఆ ఇద్దరూ మాత్రం వినరు. నేను తిరుగుతూనే ఉంటాను, ఇరేజరు మీద కూర్చున్నట్టే ఉంటుంది. గదిలో చప్పుడుండదు. అప్పుడు పేరయ్య గారు తలెత్తి, ఎదురుగా ఎవరూ లేని చోటికి చూస్తూ, సన్నగా మోహన ఎత్తుకుంటారు.