గేటుకు తెల్లగుడ్డ

కొండ మీది అడవి అంటుకున్న ఎండాకాలం ఆ వీధిలో సగం ఇళ్ళు పోయాయి. దర్జీ ఇల్లూ పోయింది. కుట్టుమిషను ఇనుప కాళ్ళు మాత్రం బూడిదలో నిలబడి కనిపించాయి. ఆమె మామగారు రిటైరైన బస్సు డ్రైవరు. అప్పటికే చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఆ రోజు ఆయన్ని నలుగురు కుర్చీతో సహా ఎత్తి వ్యాను వెనక పెట్టారు. “లగేజీ టిక్కెట్టు మీద వచ్చాను” అని తర్వాత చెప్పుకుని నవ్వేవాడు.

ఆయన కూతురు మాత్రం నవ్వలేదు. పట్నంలో తన దగ్గరికి వచ్చెయ్యమని అప్పటినుంచీ అడుగుతోంది. ఆయన రానంటున్నాడు.

ఇళ్ళు మళ్ళీ లేచాయి. ఈసారి కప్పులకు రేకులు వేశారు. గాలి వచ్చే కంతలకు నిప్పురవ్వలు దూరకుండా సన్న జాలీ కొట్టారు. గోడల వెంట మొక్కలు తీసేసి కంకర పరిచారు. వీధికీ అడవికీ మధ్య నేల దున్నించి, గడ్డి మొలవకుండా ఉంచారు. పోయినసారి ఖాళీ ఇళ్ళ తలుపులు బాదుతూ చాలాసేపు పోగొట్టుకున్నారు కాబట్టి ఆ వీధిలోనే ఉండే ఎలక్ట్రీషియను ఇంకో ఏర్పాటు పెట్టాడు. సైరన్ మోగితే అందరూ బడి మైదానానికి పోవాలి. ఇల్లు ఖాళీ అయ్యాక గేటుకు తెల్లగుడ్డ కట్టాలి. గుడ్డ ఉన్న ఇంటి ముందు ఎవరూ ఆగనక్కర్లేదు. గుడ్డలన్నీ దర్జీయే కుట్టింది, నాలుగంచులూ మడిచి.

ఒక ఆదివారం పొద్దున రిహార్సల్ పెట్టుకున్నారు. చూద్దామని కూతురు కూడా పట్నం నుంచి వచ్చి మైదానంలో నిలబడింది. పక్కింటి బాలింతనూ పసిబిడ్డనూ నడిపించుకు రావడం దర్జీ పని. పెద్దాయన్ని తన వ్యానులో తేవడం ఎలక్ట్రీషియను పని.

దర్జీ ఇస్తానన్న రోజుకు ముందే బట్టలు కుట్టి ఇచ్చే మనిషి. హడావిడిలో మర్చిపోతానేమోనని గుడ్డ కూడా ముందురోజు సాయంత్రమే గేటుకు కట్టేసింది.

“నాన్నేడీ వదినా?” అంది కూతురు.

“వ్యానులో రాలేదూ?”

ఎలక్ట్రీషియను మొహం పాలిపోయింది. “మీ గేటుకు గుడ్డ ఉందిగా అక్కా! నువ్వే తీసుకొచ్చేశావనుకున్నా.”

ముగ్గురూ పరిగెత్తారు. పెద్దాయన ముందుగదిలో, గడప లోపలే కూర్చుని ఉన్నాడు.

“రావోయ్ కరెంటోడా. నా స్టాపులో ఆపకుండానే పోయావు. నా సర్వీసంతటిలో ఒక్కణ్ణి కూడా అలా వదిలెయ్యలేదురా నేను.”

ఎవరూ నవ్వలేదు. కూతురు గేటుకున్న గుడ్డ విప్పి వదిన చేతిలో పెట్టింది. “వచ్చే ఆదివారం కారు తెస్తాను. నాన్న బట్టలు సర్దిపెట్టు.” దర్జీ గుడ్డ మడత పెట్టింది. ఆ ముడి తాను వేసిందే.

సాయంత్రం వీధివాళ్ళు ఆ ముందుగదిలోనే కూర్చున్నారు. ఆరా తీస్తే ఇంకా చాలామంది ముందురోజే కట్టేశారని తేలింది. గుడ్డకు బదులు ఈల కొడదామన్నారు ఒకరు. గంట పెడదామన్నారు ఇంకొకరు.

“గుడ్డ ఎవరు కట్టాలన్నారు?” అని అడిగాడు పెద్దాయన.

“ఎవరో ఒకరు.”

“అక్కడే వచ్చింది చిక్కు. ఏ ఇంట్లో ఎవరు అందరికన్నా నెమ్మదో, గుడ్డ వాళ్ళ దగ్గరే ఉండాలి. వాళ్ళే కట్టాలి. మా ఇంట్లో నేను.”

“చేతులు వణుకుతాయి కదా మామయ్యా.”

“వణకనీ. నేను గేటు అవతలికి వస్తేనేగా ముడి పడేది!”

తర్వాత గుడ్డలు చేతులు మారాయి. ఒక ఇంట్లో కుంటుతూ నడిచే మామ్మకు, ఇంకో ఇంట్లో బాలింతకు వెళ్ళాయి. అన్నదమ్ములిద్దరే ఉండే ఇంట్లో ఎవడు బద్ధకస్తుడన్నదాని మీద గొడవైంది.

అనుకున్న ఆదివారం రాకముందే నిజం సైరన్ మోగింది. మధ్యాహ్నం భోజనాల వేళ. కొండ అవతల పొగ లేచి సూర్యుణ్ణి కమ్మేసింది. పక్కింటి బాలింత తన గుడ్డ కట్టి బిడ్డతో వ్యాను ఎక్కింది. దర్జీ మామగారి కుర్చీని గేటు దాటించి నిలిపింది. వ్యాను ఇంజను ఆపకుండా ఎలక్ట్రీషియను ఎదురు చూస్తున్నాడు. పెద్దాయన ఒళ్ళోంచి గుడ్డ తీశాడు. మొదటి ముడి జారిపోయింది. దర్జీ చెయ్యి చాపింది.

“చెయ్యి తియ్యి.”

ఆమె తీసేసింది. బూడిద తునకలు గుడ్డ మీద పడుతున్నాయి. రెండో ముడి నిలిచింది.

వ్యాను వెనకనుంచి ఆమె వీధిని చూసింది. గేట్లన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. అన్నిటికీ గుడ్డలున్నాయి. వదులు ముడి, పీటముడి, ఊరికే చుట్టి దోపినది. ఒక్కటీ తన చేతి ముడి కాదు. వీధిలో మనిషి లేడు. ఫైరింజన్లు ఎక్కడా ఆగకుండా, ఒక్క తలుపూ తట్టకుండా నేరుగా వీధి చివరికి పోయాయి.

మైదానంలో ఎవరూ కూర్చోలేదు. మంట కొండ అంచు దాటి దిగువకు వచ్చింది. వంతెన మీద రైలు పోతున్నట్టు చప్పుడు వచ్చింది. చెట్టు అంటుకోవడం కనిపించలేదు. ఉన్న చెట్టు మరుక్షణంలో మంటై ఉండేది, అంతే. అడవిలోంచి జింకలు వచ్చాయి. వెనక ఒక నక్క వచ్చింది. అవి జనం మధ్యకు వచ్చి కొండ వైపు తిరిగి నిలబడ్డాయి. పిల్లలు కూడా వాటిని తోలలేదు. నక్కకూ మామ్మకూ మధ్య మంచం పట్టేంత చోటు కూడా లేదు.

మంట దున్నిన నేల దగ్గరికి వచ్చింది. చెట్టెత్తున వచ్చినది మోకాలెత్తుకు దిగింది. అటూ ఇటూ పాకింది. నీళ్ళగొట్టాలు దాని మీదికి తిరిగాయి. అది వీధిలోకి రాలేదు. ఎవరో చేతులు జోడించారు. ఎలక్ట్రీషియను టోపీ తీసి నిలబడ్డాడు.

కబురు తెలిసి కూతురు కారేసుకుని వచ్చింది. జనాన్ని తోసుకుంటూ, నాన్నా నాన్నా అని అరుస్తూ పరిగెత్తుకొచ్చింది.

“ష్!” అన్నాడు పెద్దాయన. కుర్చీ చక్రం నీడలో ఒక కుందేలు డొక్కలెగరేస్తూ పడుకుని ఉంది.

ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. చాలాసేపు కొండనే చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “నిన్నెవరు బయటికి తెచ్చారు నాన్నా?”

“కుర్చీ మీ వదిన తోసింది. ఇల్లు ఖాళీ అని చెప్పింది నేను.”

“ఆదివారానికి బట్టలు సర్దమన్నావు...” అంది దర్జీ.

కూతురు తల అడ్డంగా ఊపింది. “వద్దు వదినా. కారు మాత్రం తెస్తాను. ఈసారి రిహార్సల్‌లో నాకూ ఏదో ఒక పని చెప్పండి.”

“మామ్మను ఎక్కించుకో. మధ్యలో ఆగమంటుంది, ఆపకు” అన్నాడు పెద్దాయన.